స్టిక్కరు కటింగులో తెలుగు అక్షరం: అపోహలు – వాస్తవాలు

కార్డు కాగితం, వినైల్, బట్టకు వేడితో అంటించే పొర వంటి పలుచని సరుకును కంప్యూటరు పంపిన గీత వెంబడి సన్నని కత్తితో కోసే చిన్న యంత్రాన్ని క్రాఫ్ట్ కటింగ్ మెషిన్ అంటారు. దుకాణాలలో రేడియం స్టిక్కర్లు కోసే ప్లాటరు కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. ఈ యంత్రాలతో వచ్చే డిజైన్ సాఫ్ట్‌వేర్లు ప్రధానంగా రోమన్ లిపిని దృష్టిలో ఉంచుకొని రూపొందినవి కావడంతో, తెలుగు, కన్నడం, తమిళం మూడూ బజారులో వినిపించే హోసూరు, శూళగిరి, అత్తిముగం వంటి చోట్ల పేరుపలక కోయవలసిన వారికి ఇంగ్లీషు పాఠాలలో దొరకని చిక్కులు ఎదురవుతాయి. ఆ చిక్కుల చుట్టూ అపోహలూ పెరిగాయి.

వాటిలో బలంగా పాతుకుపోయినది, తెలుగును కోయాలంటే అను వంటి పాత ఫాంటులు తప్ప గతి లేదన్న నమ్మకం. ఆ పద్ధతిలో రోమన్ అక్షరాల స్థానాలలో తెలుగు ఆకృతులను అమర్చారు కాబట్టి, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అదే ఫైలు తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. నిజానికి ప్రతి అక్షరానికీ సొంత సంఖ్యను కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. రామభద్ర, మండలి, సూరన్న, ధూర్జటి వంటి యూనికోడ్ ఫాంటులు నేడు ఉచితంగా దొరుకుతున్నాయి. అయితే ఫాంటు ఒక్కటే ఉంటే చాలదు. అత్తిముగం అన్న పేరులో చూపుకు నాలుగే అక్షరాలు ఉన్నా, యూనికోడులో అవి తొమ్మిది సంకేతాలు. తకారం, దాని పొల్లు, రెండో తకారం, గుడి అనే నాలుగు సంకేతాలు కలిసి ‘త్తి’గా మారాలంటే, వాటిని కూర్చి ఒక రూపం ఇచ్చే ఏర్పాటు సాఫ్ట్‌వేరులో ఉండాలి. అది లేనిచోట వత్తు కిందికి దిగదు, పొల్లు విడిగా నిలబడుతుంది, గుడి పక్కకు జారుతుంది. అది తెలుగు లోపం కాదు, ఫాంటు లోపమూ కాదు. అలాంటప్పుడు మెషిన్ సాఫ్ట్‌వేరుతో కుస్తీ పట్టడం మాని, 2003 నుంచి ఉచితంగా అందుతున్న ఇంక్‌స్కేప్‌లో పేరును టైపు చేసి, ‘ఆబ్జెక్ట్ టు పాత్’ అనే ఆదేశంతో అక్షరాలను గీతలుగా మార్చి, ఎస్‌వీజీ ఫైలుగా దాచి మెషిన్‌కు పంపడం మేలైన మార్గం. డీటీపీ వారు ‘కర్వ్స్ చేయడం’ అనేది ఈ పనినే. కర్వ్స్ చేసిన తరువాత అక్షరదోషాలను టైపు చేసి దిద్దడం కుదరదు కనుక అసలు ఫైలును విడిగా ఉంచుకోవడం తప్పనిసరి.

తెరపై సరిగా కనిపించినది కోతలోనూ సరిగానే వస్తుందన్నది రెండో అపోహ. కత్తి రంగును చూడదు, గీతను మాత్రమే అనుసరిస్తుంది. కొమ్మో దీర్ఘమో అక్షరం మీదికి ఎక్కినచోట తెరపై నల్లటి ఒకే రూపం కనిపించినా, లోపల రెండు గీతలు ఒకదానినొకటి దాటుతుంటాయి, కత్తి ఆ రెంటినీ కోసి అక్షరాన్ని ముక్కలు చేస్తుంది. వెల్డ్ లేదా యూనియన్ అనే ఆదేశం ఈ లోపలి గీతలను తీసివేసి బయటి అంచును మాత్రమే మిగులుస్తుంది. పేరులో దగ్గరగా ఉన్న ‘కంబైన్’ పని వేరు, దానితో అతివ్యాప్తి ఉన్నచోట రంధ్రం ఏర్పడవచ్చు. మరోవైపు, కలవని ముక్కల సంగతి తెలుగులో ప్రత్యేకంగా పట్టించుకోవలసినది. ప, ఘ, ష, స వంటి అక్షరాలకు చాలా ఫాంటులలో తలకట్టు ఒంటికి అంటదు. హోసూరు అని కోస్తే ‘సూ’ మీది తలకట్టు, అత్తిముగం అని కోస్తే ‘త్తి’ కింది వత్తు విడి ముక్కలుగా వస్తాయి. స్టిక్కరు విషయంలో ట్రాన్స్‌ఫర్ టేపు ముక్కలన్నిటినీ ఉన్నచోటనే పట్టి ఉంచుతుంది కాబట్టి పెద్ద ఇబ్బంది ఉండదు, చుట్టూ ఉన్న పొరను ఒలిచేటప్పుడు తలకట్టు దానితో లేచిపోకుండా చూసుకుంటే చాలు. పుట్టినరోజు కేకు మీద నిలబెట్టే కార్డు పేరుకు మాత్రం ఈ ఆధారం లేదు. అక్కడ సన్నని వంతెన గీసి తలకట్టును, వత్తును ఒంటితో వెల్డ్ చేయాలి, లేదా ‘ఆఫ్‌సెట్’ ఆదేశంతో పేరు చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున మరో అంచు తీసి, ముక్కలన్నీ కలిసిపోయిన ఆ ఆకారాన్ని వేరే రంగులో కోసి, అక్షరాలను దానిపై అతికించాలి. స్టెన్సిల్‌లో సమస్య తలకిందులవుతుంది. అక్కడ రాలిపోయేది సున్నా నడుమనున్న బిళ్ళ, కనుక వంతెన దానికి కావాలి.

మూడు లిపుల పలకకు ఒకే ఎత్తు కొలత సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. తెలుగుకు, కన్నడానికి వత్తుల కోసం పంక్తి కింద చోటు కావాలి. తమిళంలో ‘ఓసూర్’ అని రాసే హోసూరు పేరు చివర, పైన పెట్టే పుల్లి అనే చుక్క విడి ముక్కగానే వస్తుంది. అక్షరం మరీ చిన్నదైతే ఆ చుక్కా, మన తలకట్టూ రెండూ కత్తికి లొంగవు. కత్తి మొన తన ఇరుసుకు కొంచెం వెనకగా ఈడ్చుకుంటూ నడుస్తుంది కాబట్టి ఇరుకైన మలుపులు గుండ్రబడి చిరుగుతాయి.

ఫోటో ఎంత స్పష్టంగా ఉంటే కోత అంత బాగుంటుందన్న మాటలో సగమే నిజం. ఫోటో రంగు చుక్కల గుంపు, కత్తికి కావలసినది వెక్టర్, అంటే గణితంతో నిర్వచించిన గీత. ఫోటోను గీతగా మార్చే ‘ట్రేస్’ ఆదేశం వాడినప్పుడు అంచుల వెంట వందల కొద్దీ నోడ్లు, అంటే గీత దిశ మారే బిందువులు పుట్టుకొస్తాయి, అవి ఎక్కువైతే నాణ్యత పెరగడానికి బదులు కత్తి వణికినట్టు కోస్తుంది. ‘సింప్లిఫై’తో వాటిని తగ్గించాలి. అతిగా వాడితే గుండ్రని సున్నా కోలగా మారుతుంది.

ఎస్‌వీజీ ఫైలు ఎక్కడ తెరిచినా కొలత మారదన్నదీ నిజం కాదు. 2017లో వచ్చిన 0.92 కూర్పుకు ముందు ఇంక్‌స్కేప్ అంగుళానికి 90 పిక్సెళ్ళు లెక్కగట్టేది, తరువాత 96కు మారింది. పిక్సెళ్ళలో దాచిన పాత ఫైలును 96 లెక్కన చదివే సాఫ్ట్‌వేరులో తెరిస్తే 16 సెంటీమీటర్ల పలక 15 సెంటీమీటర్లకు కుంచించుకుపోతుంది. కోతకు ముందు వెడల్పును అంకెలలో సరిచూసుకోవాలి. బట్టకు వేడితో అంటించే పొరనైతే అద్దంలో కనిపించేలా తిప్పి కోయాలి, మామూలు స్టిక్కరుకు ఆ అవసరం లేదు.

ఇన్ని అంచెలూ సరిగా పడ్డాయో లేదో తేల్చుకోవడానికి ఖరీదైన వినైల్‌ను పాడుచేయనక్కరలేదు. చాలా యంత్రాలలో కత్తి స్థానంలో పెన్ను బిగించే వీలు ఉంటుంది. తెల్ల కాగితం మీద పేరును ముందుగా అలా గీయిస్తే, అక్షరం నడుమ గీత కనిపించినచోట వెల్డ్ జరగలేదని, వత్తు పక్కకు జరిగినచోట పేరును కర్వ్స్ చేయకముందే కూర్పు చెడిందని కోతకు ముందే తెలిసిపోతుంది.