బర్రె చెప్పింది, నేనే వినలేదు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద కోతలప్పుడు ఎక్కడ చూసినా వడ్ల రాశులే. పోయిన యాసంగిలో మా చూడి బర్రె రాత్రి పలుపు తెంపుకొని రాశి మీద పడింది. పొద్దున కుడితి తొట్టి దగ్గరికి రాలేదు, తల వంచుకొని దూరంగా నిలబడింది. ఎండదెబ్బేమో అనుకున్నా. మధ్యాహ్నానికి పళ్ళు కొరకడం, వెనక కాలితో పొట్టను తన్నుకోవడం మొదలైంది. అప్పుడు గానీ 1962కి ఫోన్ చెయ్యలేదు.

డాక్టర్ గారి మొదటి ప్రశ్న: "నెమరు ఎప్పుడు ఆపింది?" నా దగ్గర జవాబు లేదు. రోజూ పాలు లీటర్లలో కొలుస్తా గానీ నెమరు ఏనాడూ చూడలేదు!

వడ్లలోని పిండి పెద్ద పొట్టలో తొందరగా పులిసి ఆమ్లం అవుతుంది. దాంతో గడ్డి అరిగించే సూక్ష్మజీవులు చస్తాయి, పొట్ట కదలిక ఆగుతుంది. జీవామృతం డ్రమ్ములో సూక్ష్మజీవుల గురించి అంత ఆలోచిస్తాం, బర్రె కడుపులో ఉన్నవాటిని మరిచిపోతాం. మాది బతికింది, కానీ ఈసుకుపోయింది.

ఇప్పుడు మేత తర్వాత కాసేపు కొట్టంలో కూర్చుంటున్నా. బాగున్న పశువు పడుకొని ఒక్కో ముద్దను 40 నుంచి 70 సార్లు నములుతుంది. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనిస్తే నిమిషానికి ఒకటి రెండు సార్లు పొట్ట పొంగడం తెలుస్తుంది. ఎక్కడ ఆనించాలో వీడియోలో చూపించా. డాక్టర్ వచ్చేలోపు నోట్లో బలవంతంగా నూనె మాత్రం పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.