వెనుకబడిన మండలానికే ముందు నిధి

కాలువ తలభాగాన వరి ఏపుగా పెరుగుతుంది. చివరి చేలకు ఒక తడి కూడా అందదు. ప్రభుత్వ నిధుల పారుదలా ఇంతే. జిల్లా పేరున డబ్బు మంజూరవుతుంది. ఆ జిల్లాలో మరీ వెనుకబడిన మీ మండలానికి ఎంత దక్కిందో మీకు తెలియదు. ఎందుకిలా జరుగుతోంది?

పంపకంలోనే లోపం

2006-07లో కేంద్రం వెనుకబడిన ప్రాంతాల గ్రాంటు నిధి పెట్టింది. దేశంలో 250 జిల్లాలను ఎంపిక చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, మహబూబ్‌నగర్, ఆదిలాబాద్, విజయనగరం సహా 13 జిల్లాలకు చోటు దక్కింది. జిల్లాకు ఏటా కనీసం 10 కోట్ల రూపాయలు. మిగిలిన దాంట్లో సగం జనాభానుబట్టి, సగం విస్తీర్ణాన్నిబట్టి పంచారు. పేదరికం ఎంతన్నది ఈ లెక్కలోకి రానేలేదు. ప్రణాళిక గ్రామసభ నుంచే రావాలన్న మంచి నిబంధన మాత్రం అందులో ఉంది. 2015-16 నుంచి కేంద్రం ఈ నిధి ఆపేసింది.

2014 విభజన తర్వాత రాయలసీమ, ఉత్తరాంధ్రలోని 7 జిల్లాలకు ప్రత్యేక సాయం వచ్చింది. జిల్లాకు ఏటా 50 కోట్ల చొప్పున మూడేళ్లలో 1,050 కోట్లు. ఇక్కడా అన్ని జిల్లాలకూ ఒకే కొలత. పాత అనంతపురం జిల్లానే చూడండి. తుంగభద్ర ఎగువ కాలువ నీరు పారే పల్లెలూ ఉన్నాయి, వాననే నమ్ముకుని వేరుశనగ వేసే పల్లెలూ ఉన్నాయి. జిల్లా సగటు తీస్తే ఈ తేడా కనబడదు.

2018లో 112 ఆకాంక్షిత జిల్లాలను, 2023లో 500 ఆకాంక్షిత బ్లాకులను కేంద్రం చేపట్టింది. కొలత కిందికి దిగడం మంచి మార్పే. అయితే ఉన్న పథకాలనే అక్కడ కలిపి అమలు చేయడం దీని పద్ధతి. పెద్ద ప్రత్యేక నిధి అంటూ లేదు.

ఏం మారాలి?

* జిల్లా సగటు కాకుండా మండలమే కొలత కావాలి. సాగునీరు, వలసలు, తాగునీరు, చదువు లెక్కలోకి రావాలి.
* అట్టడుగు మండలాల వాటా ముందే పక్కన పెట్టాలి. మిగిలితే ఇద్దామంటే ఏనాడూ మిగలదు.
* డబ్బు వేసవిలోనే చేతికందాలి. తొలకరి పడ్డాక వస్తే కుంట పూడిక తీసేదెప్పుడు?

మీరేం చేయాలి?

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం సభ పెట్టినప్పుడు తప్పక వెళ్లండి. చెక్‌డ్యామ్, చేను దారి, చెరువు కట్ట - ఏది కావాలో సర్వే నంబరుతో సహా రాసివ్వండి. తీర్మానంలో ఎక్కిందో లేదో చదివించుకుని, ఆ తర్వాతే వేలిముద్రయినా సంతకమయినా పెట్టండి. మండలానికి వచ్చిన నిధుల వివరం 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలే.

నీరు వదిలినప్పుడు గట్టు మీద లేని రైతుకు వంతు తప్పుతుంది. నిధుల విషయమూ అంతే. ఈసారి గ్రామసభకు పదిమంది కలిసి వెళ్లండి.