గుండు లోతు – పీడనం

హైదరాబాదు పాతబస్తీలో, మూసీనది దక్షిణపు ఒడ్డున గల సాలార్‌జంగ్ మ్యూజియంలో పూర్వకాలపు తుపాకులను చూడవచ్చును. అటువంటి తుపాకులలో ముందుగా మందు పోసి, పైన గుండు వేసి, అది మందును తాకేవరకు కడ్డీతో దట్టించేవారు. నడుమ ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బి పగిలే ప్రమాదం ఉండేది. గుండు ఎక్కడ నిలవాలన్నది ఆనాడే ప్రాణాలతో ముడిపడిన విషయం.

నేటి రైఫిలు తూటాలో మందుకు, గుండుకు ఒకటే ఇత్తడి తొడుగు. మందు అంటుకోగానే పుట్టే వాయువుల పీడనం వాతావరణ పీడనానికి 3,000 నుంచి 4,000 రెట్లు ఉండవచ్చు. ప్రెషర్ కుక్కరులో అది సుమారు 2 రెట్లే!

గుండును తొడుగులోకి మరింత లోతుగా దించితే ఏమవుతుంది? వాయువులకు చోటు తగ్గుతుంది. సూదిలేని సిరంజి మూతిని వేలితో మూసి ముషలకాన్ని నొక్కి చూడండి. గాలి ఘనపరిమాణం సగమైతే పీడనం రెట్టింపవుతుంది. ఇదే బాయిల్ నియమం. తూటాలో సంగతి ఇంతటితో ఆగదు. పీడనం హెచ్చినకొద్దీ మందు ఇంకా వేగంగా మండి, పీడనాన్ని మళ్ళీ హెచ్చిస్తుంది. లోపలి చోటు తక్కువైన పిస్తోలు తూటాలలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. 9 మిల్లీమీటర్ల తూటాపై జరిపిన ఒక పరీక్షలో, గుండు ముప్పాతిక మిల్లీమీటరు లోపలికి పోగా పీడనం రెట్టింపు దాటింది.

గుండు మరీ వెలుపలికి ఉన్నా క్షేమం కాదు. అది గొట్టంలోని మెలిగాడులను ముందే తాకి ఉంటే, కదలడం ఆలస్యమై, ఆరంభంలోనే పీడనం పెరుగుతుంది.

కొన్ని దేశాలలో వేటగాళ్ళు, గురిపందెగాళ్ళు తూటాలను చేతితో నింపుకొంటారు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తూటాలు తయారుచేయరాదు. ముప్పాతిక మిల్లీమీటరు తేడా చేసే పనిని చూస్తే, ఆ కట్టడి ఎంత అవసరమో తెలుస్తుంది.