టీకామందులలో ఫార్మాల్డిహైడు

శవములు చెడకుండ నుంచుటకు వాడెడి ఫార్మలినునే పసిపిల్లల టీకామందులో కలుపుచున్నారను మాట ప్రజలలో అప్పుడప్పుడు బయలుదేరుచుండును. తల్లిదండ్రులు వచ్చి యడిగినప్పుడు "అట్టిదేమియు లేదు" అని సిబ్బంది బదులు చెప్పుటయు కలదు. ఆ బదులు సరికాదు. కొన్ని టీకామందులలో ఆ పదార్థము లేశమాత్రముగా నిజముగనే మిగిలియుండును. కావున అది యేల చేరినది, ఎంత యుండును, హాని యెంత యను సంగతులు స్థానికాధికారులు ఎరిగియుండుట యవసరము.

ఫార్మాల్డిహైడు ఘాటైన వాసనగల వాయువు. నూటికి సుమారు 37 పాళ్లు దీనిని ఇముడ్చుకొన్న నీటిద్రావకమే ఫార్మలిను. పారిస్ సమీపమున గార్ష్‌లోని పాస్టరు సంస్థ శాఖయందు పనిచేసిన గాస్టన్ రామోన్, డిఫ్తీరియా యనబడు కంఠసర్పి విషద్రవము పాడుకాకుండుటకై దానిలో కొద్దిగా ఫార్మలిను కలుపుచుండెను. అట్లు కలిపి కొన్ని వారములు వెచ్చగా నుంచిన ద్రవము చంపుశక్తిని కోల్పోయి, రోగనిరోధమును పుట్టించు గుణమును మాత్రము నిలుపుకొనుటను ఆయన 1923లో కనుగొనెను. ధనుర్వాతపు టీకాయు ఈ మార్గముననే సిద్ధమగును. ఫార్మాల్డిహైడు విషమునందలి మాంసకృత్తులను బంధించివేయును. చేతులు కట్టిన దొంగను చూపి కావలివానికి ముఖము గుర్తుచేయించినట్లే, శరీరమునకు విషము ఆనవాలు తెలియును గాని దెబ్బ తగులదు. ఇట్టి మందును టాక్సాయిడు అందురు. ఆ పేరునకు "విషమువంటిది" అని యర్థము. భయపడువారిని ఈ పేరు మరింత భయపెట్టుననుట నిజమే.

సూదిద్వారా ఇచ్చు పోలియో టీకాయందు వైరసును చంపుటకును ఫార్మలినే సాధనము. బి.సి.జి., తట్టు టీకా, పోలియో చుక్కలు సజీవ సూక్ష్మజీవులతో చేసినవి గనుక వానిని ఫార్మలినుతో చంపు పని లేదు.

ఈ చరిత్రలో మిక్కిలి విషాదకరమైన ఘటన ఫార్మలిను ఎక్కువైనందున కాదు, అది తన పనిని పూర్తిచేయలేకపోయినందున జరిగినది. 1955లో అమెరికాలో ఒక సంస్థ తయారుచేసిన పోలియో టీకాలో వైరసు పూర్తిగా చావక మిగిలెను. ద్రవములో అడుగున పేరుకొన్న మడ్డిలో చిక్కుకొన్న వైరసును ఫార్మలిను అందుకొనలేదు. పదిమంది మరణించిరి, సుమారు 200 మందికి పక్షవాతము కలిగెను. అటుపిమ్మట వడపోత, పరీక్షల నియమములు కఠినతరములైనవి.

ఇక పరిమాణము. తయారీ తుదను ఫార్మాల్డిహైడును చాలవరకు తొలగింతురు. ఐరోపా ఔషధ ప్రమాణగ్రంథము లీటరునకు 0.2 గ్రామునకు మించనీయదు. అనగా అర మిల్లీలీటరు మోతాదులో 0.1 మిల్లీగ్రాము. మన శరీరకణములు తమ నిత్యవ్యాపారములో ఈ పదార్థమును స్వయముగా పుట్టించుచునే యుండును. లీటరు రక్తమున సుమారు 2.5 మిల్లీగ్రాములుండును. ఐదు కిలోల బరువుగల రెండునెలల శిశువున రక్తము 400 మిల్లీలీటర్లనుకొన్నను, రక్తమునందే ఒక మిల్లీగ్రాము కలదు. ఇది టీకాలోని గరిష్ఠ పరిమాణమునకు పదింతలు. ఒకేదినమున రెండుమూడు సూదులు వేసినను ఆ సహజ పరిమాణమునకు చాల లోబడియే యుండును. పైగా రక్తమున చేరినది నిమిషములలోనే ఫార్మికామ్లముగా మారి తుదకు బొగ్గుపులుసు వాయువై పోవును. సూది వేసినచోట వాపు, జ్వరము ప్రధానముగా టీకాలోని ఇతర పదార్థములవలన కలుగునవి. ఫార్మాల్డిహైడు పడనివారు బహు కొద్దిమంది; అట్టివారి సంగతి ముందే వైద్యునికి తెలుపవలెను.

అయినను ఫార్మలిను నిరపాయమని చెప్పరాదు. దాని ఆవిరి కన్నులను, గొంతును మండించును. ఏండ్లతరబడి పీల్చినవారికి ముక్కు వెనుకభాగమున క్యాన్సరు కలుగునని 2004లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ నిర్ణయించినది. పురపాలక సంఘములు శ్రద్ధ వహింపవలసినది ఇక్కడనే. శవాగారములలో గాలి వచ్చిపోవు ఏర్పాటు, పనివారికి చేతితొడుగులు ఉన్నవా, లేవా యని చూడవలెను. చేపలు నిలువయుండుటకు ఫార్మలిను పూయుట నేరము. 2018లో కేరళ సరిహద్దులవద్ద అట్టి సరకు టన్నులకొలది పట్టుబడినది. ఐసు పెట్టెలు తనిఖీచేయు సిబ్బంది ఈ విషయమును మరువరాదు.