ఒకే మాట, రెండు పనులు: ఆంగ్లమున నామము, క్రియ

“స్టేట్ ద త్రీ స్టేట్స్ ఆఫ్ మ్యాటర్” వంటి ప్రశ్న సామాన్యశాస్త్రపు పరీక్షలలో వచ్చుట కలదు. ఇందు ‘స్టేట్’ అను మాట రెండుసార్లు కనబడును. మొదటిదానికి ‘చెప్పుము’ అని అర్థము. రెండవదానికి ‘స్థితి’ అని అర్థము. ‘స్టేట్ అనగా రాష్ట్రము’ అని మాత్రమే కంఠస్థము చేసిన విద్యార్థికి ఈ ప్రశ్న బోధపడదు. ఘన, ద్రవ, వాయు స్థితులను గూర్చి అతనికి చక్కగా తెలిసియుండవచ్చును. అయినను మార్కులు పోవును. లోపము అతని శాస్త్రజ్ఞానములో లేదు. ఆంగ్లభాష నడచు తీరును అతనికి ఎవరును చెప్పకపోవుటలో ఉన్నది.

ఆంగ్లమున ఇట్టి మాటలు వేలకొలది కలవు. హీట్, చేంజ్, మెజర్, ఛార్జ్, ఫోర్స్, వర్క్, ఫ్లో, టెస్ట్ – శాస్త్రగ్రంథములో ఏ పుట తెరచినను వీనిలో ఒకటి రెండు ఎదురగును. ఇవన్నియు ఒకచోట నామవాచకములు, మరియొకచోట క్రియలు. మాట రూపములో మార్పేమియు ఉండదు. మరి ఏది నామమో, ఏది క్రియయో చదువరికి తెలియుట ఎట్లు?

తెలుగులో ఎట్లున్నది?

ముందుగా మన భాషను చూతము. తెలుగులో నామమునకును క్రియకును సాధారణముగా రూపభేదము ఉండును. ఆడుట వలన ఆట, పాడుట వలన పాట, నడచుట వలన నడక, గెలుచుట వలన గెలుపు, కొలుచుట వలన కొలత ఏర్పడినవి. ఒకే రూపము రెండు పనులు చేయుట మనకును పూర్తిగా కొత్త కాదు. దగ్గు, తుమ్ము, చదువు, వెలుగు, పొంగు అను మాటలు నామములును అగును, క్రియలకు ధాతువులును అగును. కాని వాక్యములో చేరగానే ప్రత్యయము వచ్చి సందేహమును తీర్చును. ‘తుమ్ము వచ్చెను’ అన్నచో నామము. ‘బాలుడు తుమ్మెను’ అన్నచో క్రియ. మాటలను కొంత ముందు వెనుకలుగా చెప్పినను అర్థము చెడదు.

ఆంగ్లమున ప్రత్యయములు మిక్కిలి తక్కువ. మన ప్రత్యయము చేయు పనిని అచ్చట మాట యొక్క స్థానము చేయును. ‘ద హీట్ ఆఫ్ ద సన్’ అన్నప్పుడు హీట్‌కు ముందు ‘ద’ ఉన్నది. కనుక అది ‘వేడి’ అను నామము. ‘హీట్ ద వాటర్’ అన్నప్పుడు అది వాక్యమునకు మొదట నిలిచి, తరువాత కర్మను గైకొన్నది. కనుక ‘వేడిచేయుము’ అను క్రియ. ‘ద రాడ్ హీట్స్ స్లోలీ’ అన్నప్పుడు కర్తకు వెనుక వచ్చినది. కనుక ‘వేడెక్కును’ అను క్రియ. మాట ఒక్కటే, కూర్చున్న చోటును బట్టి దాని ఉద్యోగము మారినది.

రాలిపోయిన ప్రత్యయములు

ఆంగ్లము మొదటినుండియు ఇట్లు లేదు. క్రీ. శ. 1100కు పూర్వపు ఆంగ్లములో ప్రేమకు ‘లువు’ అనియు, ప్రేమించుటకు ‘లువియన్’ అనియు వేర్వేరు రూపములు ఉండెను. అట్లే అంతమునకు ‘ఎండె’, అంతము చేయుటకు ‘ఎండియన్’ అనుచుండిరి. నాటి ఆంగ్లమునకు మన భాష వలెనే విభక్తి ప్రత్యయములును, క్రియా ప్రత్యయములును సమృద్ధిగా కలవు.

ఆ భాషలో ఊనిక సాధారణముగా మాట మొదట పడుచుండెను. అందువలన చివరి అక్షరములు పలుకుటలో క్రమముగా బలహీనమయ్యెను. ఉత్తర, తూర్పు ప్రాంతములలో స్థిరపడిన స్కాండినేవియా ప్రజలతోడి సంపర్కము ఈ మార్పును వేగిరపరచినదని పలువురు పండితుల అభిప్రాయము. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట రాజసభలో ఫ్రెంచిభాషకు ప్రాధాన్యము వచ్చెను. ఆంగ్లమును పాతరూపములలో నిలిపి ఉంచు వ్రాత సంప్రదాయము సడలెను. వివిధములైన తుది అచ్చులు మొదట ఒకే అస్పష్టధ్వనిగా మారి, సుమారు 1500 నాటికి పూర్తిగా రాలిపోయినవి. లువు, లువియన్ అను రెండును ‘లవ్’ అను ఒకే రూపమునకు దిగినవి. ఫ్రెంచినుండి వచ్చిన మాటలును ఇదే దారిలో నడచినవి.

పూర్వపు ప్రత్యయముల గుర్తులు కొన్ని ఉచ్చారణలో నేటికిని మిగిలియున్నవి. ఇల్లు అను అర్థములో ‘హౌస్’ అందురు. ఇల్లు ఇచ్చుట అను క్రియగా అదే మాటను ‘హౌజ్’ అని పలుకుదురు. పాత ఆంగ్లములో నామము ‘హూస్’, క్రియ ‘హూజియన్’. రెండు అచ్చుల నడుమ చిక్కిన సకారము జకారధ్వనిగా మారెను. తరువాత ప్రత్యయము పోయినను, అది చేసిన మార్పు నిలిచినది. ‘యూస్’, ‘యూజ్’ అను జంటలోను ఇదే భేదము వినబడును.

మరికొన్ని మాటలలో ఊనిక భేదము చూపును. రికార్డ్, ఎక్స్‌ట్రాక్ట్, కండక్ట్ మొదలగునవి నామములైనచో మొదటి భాగమును, క్రియలైనచో రెండవ భాగమును ఒత్తి పలుకుదురు. 1570లో పీటర్ లెవిన్స్ ప్రకటించిన నిఘంటువులో ఇట్టి భేదము ఔట్‌లా, రెబెల్, రికార్డ్ అను మూడు మాటలకే కనబడునని పరిశోధకులు గుర్తించిరి. నేడు అట్టి జంటలు నూటికి పైగా ఉన్నవి.

నేడును ఆగని ప్రక్రియ

ప్రత్యయముల అడ్డు తొలగుటచే ఆంగ్లమునకు ఒక సౌకర్యము కలిగెను. ఏ పేరునైనను ఏ మార్పు లేకుండ క్రియగా వాడవచ్చును. 1880లో ఐర్లండులోని మేయో ప్రాంతపు రైతులు ఛార్లెస్ బాయ్‌కాట్ అను భూస్వామి ప్రతినిధిని వెలివేయగా, ఆయన ఇంటిపేరే ‘బాయ్‌కాట్’ అను క్రియ అయ్యెను. 1895లో రాంట్‌జెన్ కనుగొనిన ఎక్స్-కిరణముల పేరు, వానితో ఛాయాచిత్రము తీయుటకు క్రియగా మారెను. ‘గూగుల్’ అను పేరు 2006లో క్రియగా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువునకు ఎక్కెను. అదే సంవత్సరము ఖగోళశాస్త్రజ్ఞులు ప్లూటోను గ్రహముల వరుసనుండి తొలగించిరి; ‘ప్లూటో’ అనగా ‘హోదా తగ్గించు’ అని క్రియ పుట్టెను! అమెరికా మాండలిక సంఘము దాని భూతకాల రూపమును ఆ యేటి మాటగా ఎన్నుకొనెను.

ఈ స్వేచ్ఛకు హద్దు లేకపోలేదు. నిలుకడ పొందిన వేరొక నామము ముందే ఉన్నచో క్రియ సాధారణముగా ఆ చోటికి పోదు. ‘అరైవల్’ ఉండుటచే ‘అరైవ్’ నామము కాలేదు. ‘గ్రోత్’ ఉండుటచే ‘గ్రో’ నామము కాలేదు.

యంత్రమునకు వచ్చిన చిక్కు

స్థానము ఎంత ముఖ్యమో కంప్యూటరులకు ఆంగ్లము నేర్పబోయినప్పుడు తేటపడెను. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయము 1961లో అచ్చయిన రచనలనుండి సుమారు 10 లక్షల మాటల సంకలనమును సిద్ధపరచెను. అందలి ప్రతి మాటయు నామమో, క్రియయో, విశేషణమో గుర్తించుటకు 1971లో నిర్మించిన ప్రోగ్రాము నూటికి సుమారు 77 మాటలను మాత్రమే సరిగా తేల్చెను. 1980 దశకపు తొలి భాగమున ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయమువారు, ఏ తరగతి మాట తరువాత ఏ తరగతి మాట వచ్చుటకు ఎంత సంభావ్యత కలదో లెక్కించి పని నడిపిరి. అప్పుడు ఫలితము 96, 97 వరకు పెరిగెను. మాటను దాని ఇరుగుపొరుగులతో కలిపి సంభావ్యతతో తూచుటయే ఈ విజయమునకు కారణము.

తరగతిలో

విద్యార్థికిని ఇదే మార్గము. ద, ఎ, దిస్, ఇట్స్ వంటివి ముందున్నచో నామమును ఎదురుచూడవలెను; నడుమ ఒక విశేషణము ఉండవచ్చును. క్యాన్, విల్, మస్ట్ వంటివి ముందున్నచో క్రియను ఎదురుచూడవలెను. ‘టు’ తరువాత రెండును రావచ్చును గనుక వాక్యమంతయు చదువవలెను. చివర వచ్చు ‘ఎస్’ను నమ్మరాదు, ‘చేంజెస్’ అనగా ‘మార్పులు’ కావచ్చును, ‘మారును’ కావచ్చును, ‘మార్చును’ కావచ్చును.

ఈ చివరి విషయము శాస్త్రమున మిక్కిలి ముఖ్యము. మార్పు, మారు, మార్చు అను మూడింటికిని ఆంగ్లము ‘చేంజ్’ అను ఒక్క మాటతో సరిపెట్టును. తనంతట మారినదా, ఇతరము మార్చినదా అనునది రసాయనశాస్త్రములో చిన్న భేదము కాదు. తెలుగు ఆ భేదమును మాటలోనే చూపును. ఆంగ్లపదమును అరువు తెచ్చుకొన్నప్పుడు సైతము మనవారు దానిని విడువలేదు. ‘బ్యాటరీని ఛార్జి చేసెను’, ‘బ్యాటరీ ఛార్జి అయ్యెను’ అని చేయు, అగు అను మన క్రియలను జోడించి, ఎవరు చేసినదో, దేనికి జరిగినదో స్పష్టము చేయుదురు.

కావున ఆంగ్లపదమునకు ఒక తెలుగు అర్థమును పట్టికలో వ్రాయించి ఊరకుండుట చాలదు. ‘హీట్’ ఎదుట వేడి, వేడిచేయు, వేడెక్కు అని మూడును వ్రాయించి, ఒక్కొక్క దానికి ఒక వాక్యమును చూపవలెను. అట్లు నేర్చిన విద్యార్థి కొత్తమాట ఎదురైనప్పుడు దాని అర్థము ఏమని మాత్రమే అడుగడు. ఈ వాక్యములో అది ఏ పని చేయుచున్నదని అడుగును. ఆ ప్రశ్న అలవడినచో మొదట చెప్పిన పరీక్షాపత్రములోని రెండు ‘స్టేట్’లును అతనికి వేర్వేరు మాటలుగానే కనబడును.