టైంటేబుల్ ఎవరు వేయాలి?

జూన్‌లో బడులు తెరిచిన వారానికే చాలా ఇళ్లలో గోడ మీద ఒక టైంటేబుల్ వెలుస్తుంది. అయిదింటికి లేవాలి, అయిదున్నరకు లెక్కలు, ఆరున్నరకు సైన్సు. ఆగస్టు నాటికి దాన్ని ఎవరూ పట్టించుకోరు. పిల్లలకు పట్టుదల లేదని పెద్దలు బాధపడతారు. చాలాసార్లు లోపం పట్టుదలలో ఉండదు, ఆ టైంటేబుల్ తయారైన తీరులో ఉంటుంది.

ఒక పనికి ఎంతసేపు పడుతుందో అంచనా వేయడంలో పెద్దవాళ్లే పొరపడతారు. కెనడాలో రోజర్ బ్యూలర్ బృందం థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగింది. వాళ్లు చెప్పింది సగటున 34 రోజులు, పట్టింది 55 రోజులకు పైనే. ఈ ఫలితాలు 1994లో వెలువడ్డాయి. అందుకే ఏడో తరగతి పిల్లవాడు మొదటి వారం టైంటేబుల్ వేయనక్కర్లేదు. హోంవర్కు మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం పుస్తకం చివరి పేజీలో రాసుకుంటే చాలు. రెండో వారం ఆ లెక్కలు చూసి తన టైంటేబుల్ తానే వేసుకోవచ్చు.

‘రోజూ సైన్సు చదవాలి’ అనుకోవడం కోరిక మాత్రమే. ‘సాయంత్రం పాలు తాగగానే ముందుగదిలో కూర్చుని సైన్సు తీస్తాను’ అనుకుంటే ఆ పనికి ఒక వేళ, ఒక చోటు ఏర్పడతాయి. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ ఈ తేడాను పరీక్షించారు. క్రిస్మస్ సెలవుల్లో ఒక చిన్న నివేదిక రాయమని విద్యార్థులకు చెప్పి, ఎప్పుడు, ఎక్కడ రాస్తారో కొందరిని ముందే నిర్ణయించుకోమన్నారు. అలా నిర్ణయించుకున్నవారిలో పదికి ఏడుగురు సమయానికి రాశారు. మిగతావారిలో రాసింది మూడో వంతే.

అలవాటు కుదురుకోవడానికి ఓపిక కావాలి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం తిండి, వ్యాయామం వంటి కొత్త అలవాట్లు మొదలుపెట్టిన 96 మందిని గమనించింది. అలవాటు స్థిరపడటానికి పట్టే కాలం కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజులని అంచనా కట్టింది. ఈ అంచనాల మధ్యగతం (మీడియన్) 66 రోజులు. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా తేలింది. ఒక్క సాయంత్రం చదవలేదని ‘నీవల్ల కాదు’ అనేసే ఇళ్లలో ఈ సంగతి తప్పక తెలియాలి.

ఇక కూర్చున్నాక ఏం చేయాలి? మన పిల్లల్లో ఎక్కువమంది పాఠాన్ని మళ్లీ మళ్లీ చదువుతారు, కింద గీతలు గీస్తారు. పేజీ కళ్లకు అలవాటవుతుంది కాబట్టి వచ్చేసిందనిపిస్తుంది. 2006లో అమెరికాకు చెందిన రోడిగర్, కార్పికే ఈ నమ్మకాన్ని తూచి చూశారు. పాఠాన్ని రెండుసార్లు చదివినవారు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత వారికి గుర్తున్నది 42 శాతమే. ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద పెట్టినవారికి 56 శాతం నిలిచింది. పుస్తకం మూసి రాయడం కష్టంగా ఉంటుంది, తప్పులూ బయటపడతాయి. ఏది రాలేదో పిల్లవాడికి తెలిసేది అప్పుడే.

మన దగ్గర చాలా రెసిడెన్షియల్ కాలేజీల్లో లేవడం నుంచి స్టడీ అవర్ దాకా అన్నీ గంట ప్రకారం నడుస్తాయి. ర్యాంకు తెచ్చుకుని ఇంజినీరింగ్ హాస్టల్‌కు చేరాక గంట కొట్టేవారు ఉండరు. అప్పటిదాకా తన రోజును తాను నడుపుకోని పిల్లవాడు మొదటి సెమిస్టర్‌లోనే తడబడితే అది తెలివి తక్కువై కాదు. ప్రణాళిక, నిగ్రహం చూసుకునే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి దాదాపు పాతికేళ్లు పడుతుంది. కాబట్టి పెద్దల తోడు అవసరమే. అయితే ఆ తోడు ఏటేటా కొంచెం సడలాలి. ఆరో తరగతిలో తల్లి పక్కన కూర్చుని రేపటి సంచి సర్దిస్తుంది. ఎనిమిదిలో ‘సర్దుకున్నావా?’ అని అడుగుతుంది. పదో తరగతికి వారం ప్రణాళిక పిల్లదే, ఆదివారం ఒక పావుగంట ఇద్దరూ కలిసి దాన్ని చూస్తారు.

దిద్దిన యూనిట్ టెస్టు పేపరు ఇంటికి వచ్చిన రోజు ఇందుకు మంచి అవకాశం. మార్కుల గురించి మాట్లాడేముందు పోయిన ప్రతి మార్కు పక్కనా కారణం పిల్లలనే రాయనివ్వాలి: అసలు చదవలేదా, చదివి మరిచిపోయారా, ప్రశ్న సరిగ్గా చూడలేదా, సమయం చాలలేదా. వచ్చే వారం ఏ పాఠానికి ఎంతసేపు కేటాయించాలో ఆ జాబితా చూసి వాళ్లే నిర్ణయించుకోగలరు.