ఫిల్టర్ కొంటున్నారా? ముందు ఐఎస్ఐ నంబర్ చూడండి

చీపురుపల్లి: చీపురుపల్లి, గరివిడి చుట్టుపక్కలది మాంగనీసు గనుల నేల. ఇలాంటి చోట బోరు నీళ్లలోకీ మాంగనీసు రావచ్చు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీళ్లు దొరక్కపోతే 0.3 వరకు పర్వాలేదు. షాపులో చూపించే టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో చెబుతుంది గానీ, మాంగనీసు ఎంతో చెప్పదు.

‘వంద శాతం శుద్ధి’ అనేది కంపెనీ తన గురించి తాను చెప్పుకునే మాట. ఐఎస్ఐ మార్కు అలా కాదు, ల్యాబ్ పరీక్షలో నెగ్గితేనే బీఐఎస్ లైసెన్సు ఇస్తుంది. ఇంటి ఆర్వో మెషీన్లకు వర్తించేది ఐఎస్ 16240. మార్కు పైన ఈ నంబరు, కింద సీఎం/ఎల్ నంబరు ఉండాలి. ఆ రెండో నంబరును ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, ఇంకా చెల్లుతుందో లేదో తెలిసిపోతుంది.

అయితే ముందు మీ బోరు నీళ్లు ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. రోగం తెలియకుండా మందు కొనం కదా!